సంచి కట్టిన చెయ్యి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ సంగతి మా ఆసుపత్రిలో అందరికీ తెలుసు, మా ఇంట్లో ఇంకా బాగా తెలుసు. కానీ ఒక రోజు పొద్దున మా ఊళ్ళోని మోవా పేటలో ఒక ఇంటి వసారాలో నిలబడి నేను అరిచిన అరుపు గురించి బయట ఎవరికీ తెలియదు. అప్పుడు అక్కడ ఆ ఇంటి భార్యాభర్తలూ నేనూ, ముగ్గురమే ఉన్నాం. ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆయన చెప్పలేరు. ఇన్నాళ్ళూ నేను కూడా నోరు మూసుకునే ఉన్నాను.

స్ట్రోక్ వచ్చి చెయ్యి పడిపోయినవాళ్ళకి ఆ చెయ్యి మళ్ళీ ఎలా తెప్పించాలన్నదే నా పరిశోధన. మందులిచ్చి ప్రాణం నిలబెట్టే డాక్టర్లు వేరే ఉంటారు. వాళ్ళు ఇంటికి పంపేశాక నా పని మొదలవుతుంది. స్ట్రోక్ వచ్చిన మనిషి ఏం చేస్తాడంటే, పడిపోయిన చేతిని ఒళ్ళో పడేసుకుని బాగున్న చేత్తోనే అన్నీ నెట్టుకొచ్చేస్తాడు. దాంతో ఆ చెయ్యి కాస్తో కూస్తో కదిలేదైనా, వాడక లేక ఇంకా మొద్దుబారిపోతుంది. అందుకని బాగున్న చేతికే సంచి కట్టేస్తాం. రోజుకి ఆరు గంటలు. ఇక గత్యంతరం లేక పడిపోయిన చెయ్యే కదలాలి, తడబడుతూ నేర్చుకోవాలి. ఇది మేం కనిపెట్టింది కాదు, ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. ఆసుపత్రిలో కాకుండా ఇంట్లో, ఇంటివాళ్ళ చేత చేయిస్తే ఎంతవరకు పనిచేస్తుందో చూడాలన్నది మా ఆలోచన. మొదటి కొద్ది నెలల్లోనే చెయ్యి బాగా నేర్చుకుంటుంది. ఆ కాలం దాటిపోతే మనం తలకిందులుగా తపస్సు చేసినా వచ్చేది కొంచెమే.

సంచి అంటే పెద్ద వస్తువేం కాదు. ఆసుపత్రి గేటు పక్క దర్జీ చేత దళసరి బట్టతో కుట్టించాం, మణికట్టు దగ్గర రిబ్బను. దాంతోపాటు ఒక కాగితం. రోజుకి ఎన్ని గంటలు కట్టారో టిక్కులు పెట్టాలి. పక్కన ఇంకేమైనా రాయాలనుకుంటే రాసుకోవడానికి చిన్న గడి.

ఛత్తీస్‌గఢీ మాట్లాడే కుటుంబాలు వస్తే నేను ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెప్పేదాన్ని. ఇక్కడే పుట్టి పెరిగినా అది నా ఇంటి భాష కాదు కదా, ఎక్కడ తప్పు పోతుందోనని భయం. సంచి కట్టి చూపించేదాన్ని, విప్పి వాళ్ళ చేత కట్టించేదాన్ని, మళ్ళీ విప్పించి మళ్ళీ కట్టించేదాన్ని. అభన్‌పూర్ నుంచి వచ్చిన ఒక ముసలమ్మ "ఎన్నిసార్లు కట్టాలి బేటీ, నాకు వచ్చేసింది" అని నవ్వేసింది కూడా. తెలుగువాళ్ళు వస్తే మాత్రం నాకు ప్రాణం లేచొచ్చేది. మనవాళ్ళే కదా, ఒక్క మాట చెబితే పది మాటలు అర్థం చేసుకుంటారు అనుకునేదాన్ని. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, నేనైతే ఆ పెరటి చెట్టుని సరిగ్గా చూడనే లేదు.

ఆ మోవా ఇంటాయన రైల్వే వర్క్‌షాపులో వెల్డరు. యాభై దాటలేదు. మాలాగే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఒక మధ్యాహ్నం డ్యూటీలోనే కుడిపక్క పడిపోయింది, మాట కూడా పోయింది. "ఊ" అనే శబ్దం తప్ప ఇంకేమీ వచ్చేది కాదు. కానీ మనం చెప్పేది మాత్రం పూర్తిగా అర్థమయ్యేది. ఇలాంటివాళ్ళ గురించి తెలియనివాళ్ళు, మాట పోయిందంటే తెలివి కూడా పోయిందనుకుంటారు. నేను తెలిసినదాన్ని. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత నన్ను తిట్టుకోవడానికి పనికొస్తుంది.

మా దగ్గర చేరిన ప్రతి ఒక్కరినీ మొదటి రోజు ఒక ప్రశ్న అడుగుతాం: ఈ చేత్తో మళ్ళీ ఏ ఒక్క పని చేయాలని ఉంది? ఒకరు సంతకం అంటారు, ఒకరు జడ అంటారు. ఆయన ఎడమచేత్తో తన కుడిచేతిని పైకెత్తి పట్టుకుని, దాని వేళ్ళు దగ్గరగా కూర్చి, నోటి దాకా తీసుకెళ్ళి చూపించారు. అన్నం. తన అన్నం తనే కలుపుకుని తన కుడిచేత్తో తినాలి. అప్పటికి భార్యే ముద్దలు కలిపి పెడుతోంది. నలుగురిలో అలా తినాల్సి వస్తే ఆయన సగం అన్నం వదిలేసేవారట. కుడిచేతి వేళ్ళు అప్పటికి కొంచెం కదులుతున్నాయి. మా పద్ధతికి సరిగ్గా సరిపోయే మనిషి, తప్పకుండా తింటారని నేను మనసులో లెక్కేసుకున్నాను.

ఇప్పుడు మా వాళ్ళ అలవాటు ఒకటి చెప్పాలి. ఆసుపత్రికి, బ్యాంకుకి, ఆఫీసుకి వెళ్ళాలంటే మా రైల్వే కాలనీల్లో ప్రతి కుటుంబానికీ ఒక మాట్లాడే మనిషి ఉంటాడు. హిందీ ధారాళంగా వచ్చినవాడు, దొరల ముందు తడబడనివాడు. మా కాలనీలో సగం ఇళ్ళకి మా నాన్నే మాట్లాడే మనిషి. డాక్టరుతో ఆయన మాట్లాడుతుంటే, రోగికి సేవ చేసే ఆడమనిషి క్యారేజీ పట్టుకుని తలుపు బయట కూర్చునేది. అలా కూర్చున్నవాళ్ళని చూస్తూ పెరిగాను నేను.

ఈ ఇంటి మాట్లాడే మనిషి ఆయన బావమరిది, అంటే ఆమె అన్న. టాటీబంధ్‌లో లారీల ఆఫీసులో పని. డిశ్చార్జి రోజున వరండాలో నేను చెబుతుంటే అతను తల ఊపుతున్నాడు, మధ్యలో ఫోన్లు ఎత్తుతున్నాడు. పక్కనే చక్రాల కుర్చీలో రోగి. మెట్ల దగ్గర క్యారేజీతో భార్య.

"మంచి చేతిని కట్టేస్తే చెడ్డ చెయ్యి పని నేర్చుకుంటుంది" అన్నాను. ఒక్కసారే అన్నాను. అదీ రోగి వైపు చూసి అన్నాను. బావమరిది అప్పుడు ఫోన్లో ఉన్నాడు. ఫోన్ పెట్టేశాక సంచి గాల్లో పట్టుకుని చూపించి, "రోజుకి ఆరు గంటలు కట్టాలి, టిక్కు పెట్టాలి, అంతే" అన్నాను.

"అయిపోయినట్టే మేడమ్, మా సెల్లి ఏక్‌దమ్ పక్కాగా సేత్తాది, మీరు టెన్షన్ పడొద్దు" అన్నాడు.

నేను టెన్షన్ పడలేదు. సంచి కట్టి చూపించలేదు. వాళ్ళ చేత కట్టించలేదు. మెట్ల దగ్గరున్న మనిషిని లోపలికి పిలవలేదు. మనవాళ్ళే కదా.

వారం వారం బావమరిది కాగితాలు తెచ్చి ఇచ్చేవాడు. మా ఆఫీసులో ఒక ఛత్తీస్‌గఢీ అమ్మాయి వాటిని కంప్యూటర్లో ఎక్కించేది. ఒక్క టిక్కు తప్పేది కాదు. "మేడమ్, మీ తెలుగువాళ్ళ కాగితం చూడండి, ఎంత నీటుగా ఉందో" అనేది ఆ పిల్ల. నాకు గర్వంగా ఉండేది. మూడో వారం ఆసుపత్రికి తీసుకొచ్చి చూపించాలి, కానీ బావమరిది ఫోన్ చేసి ఆటోలో తీసుకురావడం కష్టంగా ఉంది, అంతా ఫస్ట్‌క్లాసుగా జరుగుతోంది అన్నాడు. సరే, రావద్దులెండి అన్నాను.

"ఒకటే పరేషానీ మేడమ్" అన్నాడు. "కట్టడానికి ఎల్తే బావకి కోపం వచ్చేత్తందట. సెయ్యి లాగీసుకుంటన్నాడట."

"అందరూ అలాగే చేస్తారండి" అన్నాను. "చిరాగ్గా ఉంటుంది కదా. మీ చెల్లెల్ని లొంగొద్దని చెప్పండి. రిబ్బను గట్టిగా, రెండు ముళ్ళు వేసి కట్టమనండి."

ఆ మాటలు నేనే అన్నాను. ఇప్పటికీ నా గొంతు నాకు వినిపిస్తుంది, ఎంత ధీమాగా అన్నానో.

ఆరు వారాలు పూర్తయ్యాక చెయ్యి కొలిచి రావడానికి ఇంటికి వెళ్ళాలి. మామూలుగా మా ఆఫీసు అమ్మాయి వెళ్ళేది, ఆ రోజు సెలవులో ఉంది. మోవా నాకు దారిలోనే కాబట్టి నేనే ఫైలు చంకన పెట్టుకుని వెళ్ళాను. లోపల చిన్న సంబరం కూడా ఉంది, నిజం చెప్పొద్దూ. ఆయన అన్నం తినడం చూడబోతున్నాననుకున్నాను.

వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నారు. తెల్లగా ఉతికిన సంచి, రిబ్బను రెండు ముళ్ళు వేసి ఉంది. కుడిచేతికి.

నేను ముందు నమ్మలేదు. నాకే కుడి ఎడమ తికమక అయిందేమోనని నా చేతులు చూసుకున్నాను. ఎదురుగా నిలబడ్డాను కాబట్టి అలా కనిపిస్తోందేమోనని పక్కకి వెళ్ళి చూశాను. కుడిచెయ్యే. పడిపోయిన చెయ్యే.

"రండి డాక్టరమ్మా, రండి" అంటూ ఆమె లోపలినుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఇప్పుడే కట్టినాను సూడండి. ఆరు గంటలంటే ఆరు గంటలే, ఒక్క నిమిసం తక్కువ సేయనేదు."

"ఏంటక్కా ఇది! ఈ చేతికి ఎవరు కట్టమన్నారు? బాగున్న చేతికి కట్టమంటే పడిపోయిన చేతికి కడతారా? ఆరు వారాలు! ఆరు వారాలు ఈ చేతిని మూటగట్టి కూర్చోబెట్టావా? కాస్తైనా ఆలోచన ఉండక్కర్లేదా?" అని అరిచేశాను.

ఆమె బిత్తరపోయింది. "బాగున్న సెయ్యి ఎవులైనా కడతారేటమ్మా?" అంది. "దెబ్బ తగిలిన కాడే కదా కట్టు కడతాం. సేతికి సంచి కట్టు, ఆరు గంటలు అని మా అన్నయ్య సెప్పినాడు. ఏ సెయ్యని నానడగనేదు, ఆడు సెప్పనేదు. ఈ సెయ్యికే కదా జబ్బు, దీనికి గాలి తగలకుండా ఎచ్చగా ఉండాల కావాల అనుకున్నాను."

ఎవరైనా అలాగే అనుకుంటారు. నేను చెప్పకపోతే మా అమ్మ కూడా అలాగే కట్టేది.

నేను ఇంకా ఏదో అనబోతున్నాను. అప్పుడు ఆయన ఎడమచెయ్యి పైకి లేపారు. అరచెయ్యి తెరిచి మా ఇద్దరి మధ్య పెట్టారు. "ఊ, ఊ" అంటున్నారు. ముఖం ఎర్రబడిపోయింది. నన్ను ఆపమంటున్నారనుకున్నాను.

ఆమె నిట్టూర్చింది. "ఇదిగోనమ్మా, రోజూ ఇదే గొడవ. నాను సంచి తెత్తే సాలు, ఈ సెయ్యి తెచ్చి నా మొకం మీద పెట్టీడమే. దీన్ని తోసీసి ఆ సెయ్యి పట్టుకుంటే కోపం, ఏడుపు. లొంగొద్దు, రెండు ముళ్ళెయ్యి అని మీరే సెప్పినారంట కదా."

ఆయన నన్ను ఆపడం లేదు. ఆ చెయ్యి నా ముందుకి చాపి పట్టుకునే ఉన్నారు, సంచి తొడగడానికి చాపినట్టు, వేళ్ళు దగ్గరగా పెట్టి. డిశ్చార్జి రోజున నేను మంచి చెయ్యి కట్టాలన్నప్పుడు ఆయన వైపే చూసి అన్నాను. ఆయన విన్నారు. వినవలసిన ముగ్గురిలో విన్నది ఆయనొక్కరే. ఆరు వారాలుగా రోజూ చెబుతున్నారు. మాకు ఎవరికీ వినపడలేదు.

"నాను రాసినాను కదమ్మా కాయితం మీద" అంది ఆమె. "మీరు సదవనేదా?"

ఫైలు నా చంకలోనే ఉంది. వసారా గట్టు మీద కూర్చుని విప్పాను. టిక్కుల పక్కన చిన్న గడుల్లో గుండ్రటి తెలుగు అక్షరాలు, ఏడో తరగతి దాకా చదువుకున్న మనిషి ఒద్దికగా రాసిన అక్షరాలు. మొదటి వారంలోనే ఉంది: "ఎడమ చెయ్యి చూపించి కట్టమంటున్నారు. మేడమ్ గారిని అడగాలి." దాని కింద మరో రోజు: "సంచిలో ఎడమ చెయ్యి తనే పెట్టుకున్నారు. తీసి కుడిచేతికి కట్టాను. ఏడ్చారు." ఆ తర్వాత: "అన్నయ్య అడిగాడు. లొంగొద్దు అన్నారంట. రెండు ముళ్ళు వేశాను." ఆ తర్వాత ఏమీ లేదు. ఖాళీ గడులు, టిక్కులు.

ఆ కాగితాలన్నీ నా బల్ల మీదుగానే వెళ్ళాయి. టిక్కులెక్కించే అమ్మాయికి తెలుగు రాదు. మా ఆఫీసు మొత్తానికి తెలుగు చదవడం వచ్చింది నాకొక్కదానికే. నీటుగా ఉన్నాయని మురిసిపోయాను తప్ప ఒక్క గడి చదవలేదు. ఇంత సిగ్గు నా జన్మలో ఎప్పుడూ పడలేదు.

లేచి వెళ్ళి ముళ్ళు విప్పాను. చెయ్యి పాలిపోయి, చెమటకి ముడతలు పడి ఉంది. వేళ్ళు లోపలికి ముడుచుకుపోయాయి. విప్పబోతే నొప్పికి ఆయన మొహం తిప్పుకున్నారు. డిశ్చార్జి నాడు కదిలిన వేళ్ళు ఇప్పుడు కదలడం లేదు.

"తప్పు నాదక్కా" అన్నాను. "నీది కాదు, మీ అన్నయ్యది కాదు. నేను నీకు చెప్పాలి. నీ చేత కట్టించి చూడాలి. చెయ్యలేదు. ఇందాక అరిచినందుకు కూడా నన్ను క్షమించు."

ఆమె వింటున్నట్టు లేదు. నేలమీద చతికిలబడిపోయింది. "నా సేత్తో నానే కట్టీసినానా" అంటోంది. "ఏడుత్తుంటే కూడా కట్టీసినానమ్మా. ఆ రోజు సెయ్యి మీద ఒకటిచ్చుకున్నాను కూడా, మొండికేత్తన్నారని."

ఆయనకి కూడా చెప్పాను, తప్పు నాదని, మన్నించమని. ఆయన నన్ను చూడలేదు. ఎడమచెయ్యి సంచిలో పెట్టుకుని ఆమె ముందుకి చాపారు, ముడి వెయ్యమని. ఆమె ముడి వెయ్యలేక చేతులు వెనక్కి తీసుకుంది. నేనే వేశాను.

బయటికొచ్చి బావమరిదికి ఫోన్ చేశాను. దులిపేద్దామనే చేశాను, చెప్పానుగా నా సంగతి. "మీరు సంచి సూపించినారు మేడమ్, ఆరు గంటలన్నారు. నాను అదే సెప్పినాను" అన్నాడు. అంతకన్నా నేనేం చెప్పానని? ఫోన్లోనే ఏడ్చేశాడు పాపం.

అప్పటినుంచి రోజు విడిచి రోజు ఆ ఇంటికి వెళ్ళాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని తెలుసు, అయినా వెళ్ళాను. వేడినీళ్ళ కాపడం, వేళ్ళు సాగదీయడం, గిన్నెలోంచి శనగలు తీయించడం, చపాతీ తుంచించడం. ఆయనంత కష్టపడిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. చెమటలు కక్కుతూ ఒక్కో శనగ గింజ వెనక పావుగంట పడేవారు. మొదటిసారి బొటనవేలు కదిలిన రోజున ఆమె గుమ్మంలో నిలబడి గట్టిగా కేక పెట్టింది. నేనూ కేక పెట్టాను.

మా పరిశోధన రిపోర్టులో ఈ సంగతి ఉన్నదున్నట్టు రాశాను. ఒక ఇంట్లో సంచి తప్పుడు చేతికి కట్టారు, పరిశోధకురాలు సరిగ్గా నేర్పకపోవడం వల్ల, ఇంటివాళ్ళు రాసింది చదవకపోవడం వల్ల అని. మా పెద్ద డాక్టరు ఆ వాక్యం చదివి ఒక్క కుటుంబాన్ని లెక్కలోంచి తీసేస్తే సరిపోతుంది కదమ్మా అన్నారు. తీయలేదు. ఆ రోజు నుంచి మాట్లాడే మనిషి ఎంత పెద్దవాడైనా సరే, సంచి కట్టబోయే మనిషి నా ఎదురుగా కూర్చుని కట్టి చూపిస్తేనే పంపిస్తున్నాను.

కొన్ని నెలలు గడిచాయి. బొటనవేలూ పక్క రెండు వేళ్ళూ వచ్చాయి. చపాతీ ముక్క తుంచగలిగారు. బిస్కెట్టు పట్టుకోగలిగారు. అన్నం మాత్రం రాలేదు. కలపడానికి, ముద్ద చేయడానికి అయిదు వేళ్ళూ కావాలి, అరచెయ్యి తెరుచుకోవాలి. అక్కడ ఆగిపోయింది. నేను వేళ్ళు కొలిచి చూసి, మళ్ళీ కొలిచి చూసి, ఇంక ముందుకి వెళ్ళదని తెలుసుకున్నాను. ఆ మాట చెప్పడానికే చివరిసారి వెళ్ళాను.

ఇద్దరూ కింద కూర్చుని ఉన్నారు. ఆమె పళ్ళెంలో పప్పన్నం కలుపుతోంది. నేను చెప్పాను, ఇకమీదట ఇంతేనని. ఆమె కలపడం ఆపలేదు. ఒక ముద్ద ఆయనకి పెట్టింది. ఆ తర్వాత తలెత్తకుండా అడిగింది.

"డాక్టరమ్మా, ఒక మాట అడుగుతాను, నిజం సెప్పండి. మొదట్లోనే ఆ సేతికి కట్టుంటే, ఈయన అన్నం తినీవోరా?"

ఎవరికి తెలుసు? అప్పుడు కట్టినా ఆ చెయ్యి రాకపోయేదేమో. కానీ వచ్చేదనే నా నమ్మకం, ఇప్పటికీ. డిశ్చార్జి రోజున కదిలిన ఆ వేళ్ళు నేను నా కళ్ళతో చూశాను. ఇన్నేళ్ళ వృత్తిలో ఏ రోగికీ, ఏ ఇంటివాళ్ళకీ నేను అబద్ధం చెప్పలేదు, కోపంలోనైనా నిజమే చెప్పాను.

"లేదక్కా" అన్నాను. "అప్పుడు కట్టినా ఇంతే వచ్చేది."

ఆమె నమ్మలేదు. మెల్లగా మొగుడి మొహంలోకి చూసింది. ఆయన నా వైపు చూశారు. నేను చెప్పింది అబద్ధమని మా ముగ్గురిలో నాకెంత తెలుసో ఆయనకీ అంతే తెలుసు. ఆ తర్వాత ఆమె వైపు తిరిగి, అవును, అంతే అన్నట్టు తల ఊపారు. ఆమె ఇంకా చూస్తూనే ఉంటే మళ్ళీ ఊపారు.

"అయితే సరేనమ్మా" అంది ఆమె. పైట చెంగుతో మొహం తుడుచుకుని ఇంకో ముద్ద కలిపింది. ఆయన నోరు తెరిచారు.